గోడమీది చంద్రుడు – గుడ్డ ఎవరిది?

మన నేతవాడలలో క్రొత్త ఇల్లు కట్టుకొనువారు కొందరు ముందుగదిలో చంద్రమండలపు ఛాయాచిత్రములను కాన్వాసుపై అచ్చు వేయించి పెట్టుచున్నారు. "మగ్గముపై బ్రతికిన ఇంటికి చంద్రుని బొమ్మ యెందుకు? మార్కండేయ మహర్షి పటమో, చౌడేశ్వరీ దేవి పటమో చాలదా?" అని పెద్దలు ఆక్షేపించుచున్నారు. ఈ విషయమున నేను పిల్లల పక్షమే. అయితే రెండు షరతులు కలవు. ఆ బొమ్మలో ఏమున్నదో తెలిసి పెట్టవలెను. అది ఏ గుడ్డపై అచ్చయినదో చూచి కొనవలెను.

మొదటి సంగతి. అన్నిటికంటె ఎక్కువగా కనుపించునది 1969 జూలైలో అపోలో 11 యాత్రయందు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ తీసిన చిత్రము. అందు నిలుచున్నవాడు బజ్ ఆల్డ్రిన్. చూచువారు ఆయన ముఖకవచపు అద్దములో ఆర్మ్‌స్ట్రాంగు ప్రతిబింబమును వెదకుదురు. నేతగాని కన్ను మాత్రము ముందు ఆ తెల్లని దుస్తుపై నిలువవలెను. అది నేసిన గుడ్డ. 1967 జనవరిలో అపోలో 1 నౌకకు నేలమీదనే పరీక్ష జరుగుచుండగా నిప్పంటుకొని ముగ్గురు మరణించిరి. అంతవరకు వ్యోమగాముల దుస్తుకు పైపొర నైలాను. ఆ ప్రమాదము తరువాత సన్నని గాజుపోగులతో నేసి, టెఫ్లాను పట్టించిన బీటా గుడ్డను వాడిరి. అది నిప్పంటని గుడ్డ. ఆ దుస్తును పొరమీద పొరగా కుట్టినవారు అమెరికాలో డెలవేర్ రాష్ట్రమందలి డోవర్ పట్టణపు కుట్టుపని స్త్రీలు.

ఆ నౌకకు దారి చూపిన కంప్యూటరు జ్ఞాపకశక్తి కూడ ఒక విధమైన నేతపనియే. మాసచూసెట్స్ రాష్ట్రము, వాల్తం పట్టణములోని రేథియాన్ కర్మాగారమున స్త్రీలు సన్నని తీగను చిన్నచిన్న అయస్కాంతపు కడియములలో దూర్చి దానిని అల్లిరి. తీగ కడియములోనుండి పోయిన ఒకటి, ప్రక్కనుండి పోయిన సున్న. జకార్డు అట్టలో రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు అని ఎరిగిన మనకు దీనిని వేరుగా బోధింప నక్కరలేదు. ఆ స్త్రీలలో కొందరు అక్కడి బట్టల పరిశ్రమనుండి వచ్చినవారే.

మన దేశపు చిత్రమొకటి కూడ గోడకెక్కదగినది. 1981లో బెంగుళూరులో ఆపిల్ ఉపగ్రహమును ఎద్దుబండిపై నిలిపి తీసినది. బీదతనమువలన బండి తెచ్చిరని నవ్వువారున్నారు. అది నిజము కాదు. లోహపు వాహనము ఉపగ్రహపు యాంటెన్నా పరీక్షకు అడ్డు వచ్చును గనుక కొయ్యబండి కావలసివచ్చినది. ఆ ఉపగ్రహము ఆ సంవత్సరమే జూన్ 19న ఆకాశమున కెగసినది.

ఇదంతయు ఎందుకు చెప్పుచున్నాననగా, మన పిల్లలు మగ్గము విడుచుటకు కూలి గిట్టకపోవుట మొదటి కారణము. దానిని ఏ బొమ్మయు తీర్చలేదు. నేత తెలివితక్కువ పని, సైన్సు వేరే లోకము అను సిగ్గు రెండవ కారణము. ఆ సిగ్గుకు ఈ పటములు మంచి మందు.

ఇక రెండవ సంగతి. అంగడిలో కాన్వాసు అని అమ్మునదంతయు నూలు కాదు. పాలియెస్టరు, పాలియెస్టరు కలిపిన నూలు చాల ఉన్నవి. ముందువైపు తెల్లని పూత ఉండుటచే చూపునకు తెలియదు. వెనుకకు త్రిప్పి, అంచున ఒక పోగు లాగి కాల్చి చూడుడు. నూలు కాగితమువలె కాలి మెత్తని బూడిద అగును. పాలియెస్టరు కరిగి గట్టి ఉండ కట్టును. ఈ పరీక్ష మనలో తెలియనివారు లేరు. గోడపటము కొనునపుడు మాత్రము మరచుచున్నాము. నేతవాని ఇంటి గోడకు నూలుగుడ్డయే శోభ.

నూలు కాన్వాసు చాలవరకు సాదా నేతయే. ముతక నూలు, దట్టమైన పోగులు, గట్టి దెబ్బ కావలెను. షోలాపురమున దుప్పట్లు నేసిన చేతులకు ఇది అసాధ్యము కాదు. నాసా వారి చిత్రములకు సాధారణముగా కాపీరైటు లేదు. వారి ముద్రను వాడరాదు, వారి ఆమోదమున్నట్లు చెప్పుకొనరాదు. మనుష్యుల రూపములున్న చిత్రములను వ్యాపారమునకు వాడుటలో చిక్కులున్నవి. కావున అమ్మకమునకు 1968 డిసెంబరు 24న విలియం ఆండర్స్ తీసిన, చంద్రుని అంచుపై భూమి ఉదయించు చిత్రమో, 1972 డిసెంబరు 7న అపోలో 17 నుండి తీసిన పూర్ణ భూగోళ చిత్రమో మేలు. ఇస్రో వారి చిత్రమైనచో అనుమతి అడిగియే వాడవలెను.

మగ్గపు గుడ్డ మిల్లు గుడ్డకంటె ప్రియమగును. అచ్చు యంత్రమునకు ముడులు, ఎగుడుదిగుడులు పనికిరావు. అందుచే సంఘములు ఒక్క తానుతో మొదలుపెట్టి, పూత పూయించి, అచ్చు వేయించి చూడవలెను. లెక్క నిలిచినచో సాగింతము, లేనిచో ఆపుదము.

ఈలోగా పటము కొన్నవారు దాని క్రింద ఒక చీటి అంటింపుడు. ఈ గుడ్డ ఎవరు నేసిరో, ఈ దుస్తు ఎవరు కుట్టిరో రెండు పంక్తులలో వ్రాయుడు. మన పిల్లలు బడిలో కన్నడమో, మరాఠీయో, తమిళమో, ఒడియాయో చదువుచున్నారు. ఇంటి గోడమీద ఆ రెండు పంక్తులైన తెలుగులో ఉండవలెను.