నిమ్మవిత్తు ఫిత్రత్ మారదు



పెరట్లో కాస్త జాగా ఉంటే ఒక నిమ్మచెట్టు వెయ్యాలని మన పొన్నూరు అమ్మీలందరికీ ఉంటుంది. ఇఫ్తార్ షర్బత్‌కి, బిర్యానీ పక్కన ముక్కకి, ఏడాది పొడుగునా అచార్‌కి ఇంటి కాయ ఉంటే ఆ బర్కతే వేరు. ఇప్పుడు పిల్లలు డల్లాస్, షికాగో వెళ్లి స్థిరపడ్డాక అదే చెట్టు అక్కడి పెరట్లోనూ కావాలంటున్నారు. "అమ్మీ, మన చెట్టు విత్తులు పంపించు. మొలక నుంచే చలిలో పెంచితే అదే అలవాటు పడుతుంది" అని ఫోన్లు. ఇక్కడ అమ్మీలు కూడా దువా చేసి విత్తులు పొట్లం కడుతున్నారు.

ఈ విషయంలో నా రాయ్ వేరు. నియ్యత్ మంచిదే. కానీ విత్తు సంగతి తెలుసుకోకుండా నాటితే మూడేళ్లు పెంచిన మొక్క ఒక్క రాత్రిలో పోతుంది. అప్పుడు "నసీబ్ లేదు" అనుకుంటాం. నసీబ్ మీద వేసే ముందు తద్‌బీర్ సంగతి చూసుకోవాలి.

మన కాగ్జీ నిమ్మవిత్తులో ఒక వింత ఉంది. ఒక్క విత్తు నాటితే తరచుగా రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లిచెట్టు కణాల నుంచే పుట్టినవి. పుప్పొడికి వాటిలో వాటా లేదు. అందుకే అంటు కట్టకుండా విత్తు నుంచి పెంచినా నిమ్మ దాదాపు తల్లి కాయే కాస్తుంది. పంపరపనస అలా కాదు, దాని విత్తు నుంచి ఏ రుచి వస్తుందో ముందుగా చెప్పలేం. బత్తాయిని మన రైతులు రంగపూర్ నిమ్మ, జంబేరి మొక్కల మీద అంటు కడతారు.

తల్లి గుణమే వస్తుందన్న మాటలోనే పిల్లల ప్రశ్నకు జవాబు ఉంది. తల్లికి లేని చలి ఓర్పు ఆ మొలకకు ఎక్కడి నుంచి వస్తుంది? మంచుగడ్డ ఎరుగని నేల చెట్టు అది. సున్నాకి రెండు మూడు డిగ్రీలు దిగితే చాలు, ఆకు మాడి కొమ్మ చస్తుంది. 2021 ఫిబ్రవరిలో డల్లాస్‌లో చలి మైనస్ 18 డిగ్రీల కిందికి పోయింది. ఆ చలికి బయట ఉన్న నిమ్మ బతకదు. చలిలో పెంచినంత మాత్రాన ఫిత్రత్ మారదు.

మరి చలి దేశంలో ఏం చెయ్యాలి? చలికి పుట్టిన నిమ్మజాతులు ఉన్నాయి. మూడాకుల నారింజ శీతాకాలంలో ఆకు రాల్చి, మైనస్ 20 దాకా కూడా ఓర్చుకుంటుంది. దాని విత్తు కూడా ఎక్కువగా తల్లినే పోలుతుంది. కానీ కాయ చేదు, దాన్ని అంటు కట్టడానికే ఎక్కువ వాడతారు. జపాన్ వాళ్ల యూజు సుమారు మైనస్ 9 దాకా నిలుస్తుంది, తొక్క సువాసన గొప్పది. విత్తు నుంచి అది కాయాలంటే పద్దెనిమిదేళ్లని అక్కడి సామెత. అంత సబ్ర్ ఉన్నవాళ్లు నాటండి. మన నిమ్మే కావాలంటే తొట్టిలో పెంచండి, మంచు పడకముందే వెలుతురు వచ్చే కిటికీ దగ్గరికి, ఇంట్లోకి తెచ్చుకోండి.

విత్తులు ఇక్కడి నుంచి పంపడం మాత్రం మానండి. తెగుళ్ల భయంతో ఆ దేశంలో నిమ్మజాతి విత్తులు, మొక్కల మీద ఆంక్షలు ఉన్నాయి. పైగా బాగా ఎండిన నిమ్మవిత్తు మొలకెత్తడం కష్టం. అవసరం కూడా లేదు. అక్కడి దుకాణంలో కీ లైమ్ అని అమ్మే చిన్న కాయ మన కాగ్జీ నిమ్మ జాతే. మన వైపు నుంచి అరబ్బుల చేతుల మీదుగా మధ్యధరా తీరానికి, అక్కడి నుంచి స్పెయిన్ వాళ్లతో అమెరికాకి వెళ్లింది. మనకంటే చాలా ముందే వలస పోయిన చుట్టం అనుకోండి.

ఇక పొన్నూరులో ఉన్న మనకి. పండిన కాయ విత్తుని కడిగి, ఆ రెండు మూడు రోజుల్లోనే వేలి గోరంత లోతున నాటండి. రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తుంది. గుంపులో బలహీనంగా, తేడాగా ఉన్న మొలక తీసెయ్యండి. మనది నల్లరేగడి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, కాబట్టి మట్టి ఎత్తుగా పోసి ఆ దిబ్బ మీద పెట్టండి. లేత ఆకులు తినే సీతాకోకచిలుక గొంగళ్లని చేత్తో ఏరెయ్యండి. గజ్జి తెగులు వాన చినుకులతో పాకుతుంది, సోకిన కొమ్మల్ని వానలు రాకముందే కత్తిరించి తగలబెట్టండి. ముళ్లు ఎక్కువ ఉంటాయి, పిల్లలు తిరిగే దారికి దూరంగా వెయ్యండి. కాయకి నాలుగైదేళ్లు పడుతుంది.

కొత్త ఇల్లు కట్టేటప్పుడు సహన్ మొత్తం సిమెంటు చెయ్యకండి. ఒక చెట్టుకి సరిపడా మట్టి వదలండి. నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా అది నాటినవాడికి సదఖా అవుతుందని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పారు. ఒంటెని కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమన్నదీ ఆయనే. డెబ్బై ఏళ్ల నానీమా విత్తు నాటుతుంటే "ఇప్పుడెందుకు, నువ్వు తింటావా" అని ఎవరూ అనకండి. దిబ్బ మట్టి తవ్వి ఇవ్వండి. డల్లాస్ పిల్లలకి తొట్టి సంగతి చెప్పండి. రెండు చోట్లా కాయలు కాస్తాయి, ఇన్షా అల్లాహ్.