పొడుపు సరే, విడుపేదీ?

పొద్దున ఆరు దాటేసరికి వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ప్రశ్న పడుతుంది. కింద నాలుగు ఆప్షన్లు. ఏడింటికల్లా పది మంది ‘బి’ అంటారు, ఇద్దరు ‘డి’ అంటారు, మరొకరు బొటనవేలు చూపించి ఊరుకుంటారు. రాత్రికి ప్రశ్న పెట్టినాయన ‘సరైన జవాబు: బి’ అని ఓ ముక్క రాసి, తప్పు చెప్పినవాళ్ల మీదికి ఓ నవ్వు బొమ్మ విసిరి వెళ్లిపోతాడు. స్నేహితుల మధ్య సాగే ఈ రోజువారీ జీకే ఆటను పనిలేనివాళ్ల కాలక్షేపమని కొట్టిపారేయడం తప్పు. అది మంచి అలవాటే. కాకపోతే అసలు పని మొదలవ్వాల్సిన చోటే మనం ఆట ఆపేస్తున్నాం. అక్షరం ఒకటి చేతికొస్తోంది తప్ప, అదే జవాబు ఎందుకైందో చెప్పే నాథుడు ఉండడం లేదు.

పొడుపు కథలో ఈ చిక్కు రాదు. ఎవరికీ తట్టకపోతే పొడిచినవాడే విప్పుతాడు. విప్పగానే అందులోని మాటలన్నీ దేని చోట అవి కూర్చుంటాయి. ‘అవును, అదే’ అని చిన్నపిల్లలు కూడా ఒప్పుకుంటారు. సాక్ష్యం జవాబులోనే ఉంటుంది. జీకే ప్రశ్నకు ఆ సౌకర్యం లేదు. ఫలానా సంవత్సరం, ఫలానా రాజధాని అని చెబితే వినేవాడు నమ్మాలి, లేదా మానాలి. కాబట్టి విడుపు చెప్పాల్సిన బాధ్యత ప్రశ్న పెట్టినవాడి మీదే పడుతుంది.

తెలుగు గ్రూపుల్లో అరిగిపోయిన ప్రశ్న ఒకటి తీసుకోండి: భాషా ప్రాతిపదికన ఏర్పడిన తొలి రాష్ట్రం ఏది? ఆంధ్ర, 1953 అక్టోబర్ 1, రాజధాని కర్నూలు అని అందరూ టకటకా చెప్పేస్తారు. ప్రశ్నలో ‘స్వతంత్ర భారతంలో’ అన్న మాట ఉంటే ఆ జవాబుకు తిరుగులేదు. ఆ మాట జారిపోతే 1936 ఏప్రిల్ 1న బ్రిటిష్ పాలనలోనే, ప్రధానంగా ఒరియా మాట్లాడేవారి కోసం ఏర్పడిన ఒరిస్సా అడ్డం వస్తుంది. మరి ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు ఎన్ని రోజులు నిరాహార దీక్ష చేశారు? కొన్ని చోట్ల 56 అని, కొన్ని చోట్ల 58 అని కనిపిస్తుంది. గ్రూపులో దీని మీద తగువు పడితే రెండు వర్గాలూ రెండు ఫొటోలు పెట్టి భీష్మించుకుంటాయి. తీర్చడానికి వేళ్లు చాలు. దీక్ష మొదలైంది 1952 అక్టోబర్ 19న, ఆయన కన్నుమూసింది డిసెంబర్ 15న. అక్టోబర్‌లో 13, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 15. మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకుంటే 58. ఈ లెక్క ఒకసారి వేసినవాడు ఆ అంకెను ఇక మరచిపోడు. ‘జవాబు: సి’ అని చదివినవాడికి మాత్రం వారం తిరిగేసరికి 56, 58 మళ్లీ కలగలిసిపోతాయి.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ సంగతిని పరీక్షించి చూశారు. 2006లో అమెరికాకు చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులతో రెండుసార్లు చదివించారు. మరికొందరితో ఒకసారి చదివించి, రెండోసారి కాగితం మూయించి, గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత లెక్క తిరగబడింది: రాసినవాళ్లకు గుర్తున్నది 56 శాతం, చదివినవాళ్లకు 42 శాతం. అడిగించుకోవడమే ఒక రకం చదువన్నమాట. అయితే అదే రోడిగర్ 2005లో ఎలిజబెత్ మార్ష్‌తో కలిసి చేసిన పనిలో ఇంకో ముఖం బయటపడింది. ఆప్షన్లున్న పరీక్షలో తప్పును ఎంచుకున్న విద్యార్థులు, తర్వాత ఆప్షన్లు లేకుండా అడిగినా ఆ తప్పునే జవాబుగా రాయడం కనిపించింది. దిద్దేవాడు లేకపోతే ప్రశ్నే తప్పును నేర్పుతుంది. మరోవైపు, గట్టి నమ్మకంతో చెప్పిన తప్పును వెంటనే సరిదిద్దితే, ఆ దిద్దుబాటు మామూలు తప్పు దిద్దుబాటు కన్నా బాగా నిలుస్తుందని 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. పది మందిలో ఢంకా బజాయించి తప్పు చెప్పినవాడికి అసలు విషయం బాగా ఎక్కే వీలుంది. కానీ వాడికి దక్కుతున్నది నవ్వు బొమ్మ!

ఇంత చాదస్తం ఎందుకు, సరదాగా ఆడుకుంటుంటే, అని కొందరు విసుక్కోవచ్చు. ఆ సరదాలోనే హాకీ మన జాతీయ క్రీడ అయిపోయింది. ఏ క్రీడనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖ 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చింది. హిందీ ‘జాతీయ భాష’ అయింది కూడా ఇలాగే. రాజ్యాంగం 343వ అధికరణం దాన్ని కేంద్రానికి అధికార భాష అంది, అంతే. నిన్నటి నిజం ఇవాళ చెల్లకపోవడం ఇంకో తంటా. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. తేదీ చెప్పకుండా ‘ఎన్ని జిల్లాలు’ అని అడిగితే ఈ మూడింటిలో ఏ అంకె చెప్పినా ఎప్పుడో ఒకప్పటి సరైన జవాబే. ఉద్యోగ పరీక్షలు రాసినవాళ్లకు ఇది కొత్త కాదు. సర్వీస్ కమిషన్ అంతటిదే ముందు ప్రాథమిక కీ విడుదల చేసి, అభ్యంతరాలు తీసుకుని, ఆ తర్వాతే తుది కీ ఇస్తుంది. నలుగురు స్నేహితుల గ్రూపులో మాత్రం మొదటి కీయే తుది కీ అవుతోంది.

ఇక గూగుల్‌ వాదం. చేతిలో ఫోనుండగా ఇవన్నీ బుర్రలో మోయడం దేనికంటారు. వెతకాలంటే ముందు అనుమానం రావాలి కదా. కృష్ణా జలాల వార్తలో 811 టీఎంసీలన్న అంకె కనబడుతూనే ఉంటుంది. బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించింది 800 అని తెలిసినవాడికే ‘ఆ పదకొండు ఎక్కడివి?’ అన్న సందేహం వస్తుంది. పొలాలకు వదిలిన నీటిలో కొంత మళ్లీ నదిలోకి చేరుతుందని, ఆ లెక్కన దక్కిన వాటా అదని తెలుసుకుంటాడు. 800 తెలియనివాడు 811ను చదివి పేజీ తిప్పేస్తాడు. ఫోను ఇద్దరి దగ్గరా ఉంది.

ఈ ఆట ఎప్పుడూ చదువుకున్నవాళ్లదేనని, మిగతావాళ్లు నోరు మూసుకుని కూర్చోవాల్సి వస్తుందని వచ్చే ఆక్షేపణ వీటన్నిటికన్నా బరువైనది. నిజమే, ప్రశ్నలన్నీ రాజధానులు, నోబెల్ బహుమతుల చుట్టూ తిరిగినంత కాలం అంతే. ప్రశ్న పెట్టే పని రోజుకొకరికి ఇచ్చి చూడండి. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు అద్దేది నేతకు ముందా, తర్వాతా అని నేత తెలిసినామె అడుగుతుంది. ముందే. నూలును లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు, కట్టు పడిన చోట రంగు ఎక్కదు, నేసేటప్పుడు ఆ మచ్చలన్నీ కలిసి బొమ్మవుతాయి. ఆ బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుండేదీ అందుకే. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలి ఉండాలని ఎందుకంటారో వంటింటి నుంచి రావాల్సిన ప్రశ్న. ముక్కకు గాలి తగలకుండా, బూజు పట్టకుండా కాపాడేది ఆ పొర. డిగ్రీలున్నవాళ్లు తెల్లమొహం వేసే ప్రశ్నలివి. విడుపు కూడా వాటి వెంటే వస్తుంది, ఎందుకంటే అడిగినవాళ్లకు అది చేతిపనిగా తెలుసు.

రేపటి ప్రశ్న వంతు మీదైతే ఆప్షన్లు పెట్టకండి. సాయంత్రం దాకా జవాబు బిగబట్టండి. చెప్పేటప్పుడు ఎందుకో రెండు వాక్యాలు రాయండి, ఎవరైనా కాదంటే వినండి. ఆ రెండు వాక్యాలు మీకే దొరక్కపోతే ఆ ప్రశ్న మానేసి వేరేది వెతకండి.