మందు ఓడిందా, చికిత్స ఆగిందా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో ఎక్కువమందికి ముదిరాకే బయటపడుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోనైనా, దానికి అనుబంధంగా హరియాణాలో 2019లో ప్రారంభమైన ఝజ్జర్ జాతీయ క్యాన్సర్ సంస్థలోనైనా అలాంటి వారికి ఇచ్చే ప్రధాన చికిత్స ఒకటే: రేడియేషన్, దానితోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. మూడో దశ రోగులు 850 మందిపై ముంబయి టాటా మెమోరియల్ జరిపిన పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. సిస్‌ప్లాటిన్ కలిపినా అయిదేళ్లకు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నది 52.3 శాతమే. రేడియేషన్ ఒక్కటే అయితే 43.8 శాతం. మందు లొంగదీయలేని ఆ సగం మంది ఎవరో ముందే తెలుసుకోవాలన్న తపన నుంచే మైక్రోఆర్‌ఎన్‌ఏలపై ఆశ పుట్టింది.

సుమారు 22 అక్షరాల పొడవుండే ఈ ఆర్‌ఎన్‌ఏ ముక్కలు జన్యువుల నోరు నొక్కుతాయి. వీటిని 1993లో కనుగొన్న ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ దక్కింది. వీటిలో ఒకటైన మిర్-21 పెరిగితే కణితికి కళ్లెం వేసే పీటెన్ జన్యువు బలహీనపడి, చావాల్సిన కణం బతికిపోతుంది. హెచ్‌పీవీ వైరస్ పీ53 ప్రొటీన్‌ను నాశనం చేయడంతో, దానిపై ఆధారపడిన మరో మైక్రోఆర్‌ఎన్‌ఏ మిర్-34ఎ తగ్గిపోతుంది. వీటిని రక్తంలోనూ కొలవవచ్చు.

చిక్కు ఆ కొలతలోనే మొదలవుతుంది. సూది గుచ్చేటప్పుడో, నమూనా తరలించేటప్పుడో ఎర్రకణాలు చిట్లితే సీరం గులాబీ రంగుకు తిరుగుతుంది. వాటిలోని మిర్-16, మిర్-451 బయటికొచ్చి లెక్క తారుమారవుతుంది. కొన్ని ప్రయోగశాలలు ఆ మిర్-16నే ప్రమాణంగా పెట్టుకుని మిగతావాటిని కొలుస్తున్నాయి! హెపారిన్ ట్యూబులో తీసిన రక్తమైతే ఈ కొలతకు వాడే పీసీఆరే సరిగా సాగదు.

అంతకంటే పెద్ద సమస్య, మనం దేన్ని నిరోధకత అంటున్నామన్నది. బిహార్ నుంచో, తూర్పు యూపీ నుంచో వచ్చి ధర్మశాలలో తలదాచుకునే మహిళకు హిమోగ్లోబిన్ తక్కువ. కణితి మూత్రనాళాలను నొక్కితే క్రియాటినిన్ పెరుగుతుంది, డాక్టరు ఆ వారం సిస్‌ప్లాటిన్ ఆపేస్తారు. చేతిలో డబ్బయిపోతే ఊరికి వెళ్లిపోతుంది. ఎనిమిది వారాల్లో ముగియాల్సిన చికిత్స సాగేకొద్దీ జబ్బు అదుపు తప్పుతుంది. ఆమెకు జబ్బు తిరగబెడితే అది మందును ఎదిరించిన కణితా, మందే సరిగా అందని కణితా? పైగా కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు కాబట్టి ఏది విఫలమైందో విడదీయడం మామూలుగానే కష్టం. ఈ తేడా చూడని పరిశోధన, పేదరికాన్ని కాస్తా జన్యులక్షణంగా నమోదు చేస్తుంది.

పరీక్ష నిజంగా నిలబడినా, తర్వాతి దారేదన్న ప్రశ్న ఉంది. భారత్ కూడా పాల్గొన్న ఇంటర్‌లేస్ అధ్యయనంలో రేడియేషన్, సిస్‌ప్లాటిన్‌లకు ముందు ఆరు వారాలు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ ఇస్తే అయిదేళ్లు బతికినవారు 72 నుంచి 80 శాతానికి పెరిగారు. ఇవి పాత మందులే, మనకు దొరికేవే. అయితే కార్బోప్లాటిన్ కూడా ప్లాటినం జాతిదే. సిస్‌ప్లాటిన్‌కు లొంగని కణం దానికి లొంగుతుందన్న భరోసా లేదు. ఇక ఇమ్యునోథెరపీ మందు పెంబ్రోలిజుమాబ్ ధర సామాన్యులకు అందేది కాదు.

నోయిడాలో ఐసీఎంఆర్ క్యాన్సర్ నివారణ, పరిశోధన సంస్థ ఉంది. గంటా రెండు గంటల దూరంలోనే ఎయిమ్స్, ఝజ్జర్ ఉన్నాయి. ఇవి మూడూ రక్తసేకరణకు ఒకే పద్ధతి పెట్టుకోవాలి. ప్రతి నమూనాతోపాటు హిమోగ్లోబిన్, క్రియాటినిన్, అందిన సిస్‌ప్లాటిన్ డోసులు, చికిత్స సాగిన రోజులు రాయాలి. ఇవన్నీ కేస్ షీట్‌లో ఇప్పటికే ఉన్న వివరాలే.