చేతిగీత, యంత్రవేషము



పిల్లలు కాగితముపై గీసిన బొమ్మను ఫోనుతో ఫొటో తీసి, నిమిషములో దానిని తైలవర్ణచిత్రముగనో, జపాను చలనచిత్రములలోని బొమ్మగనో, కలంకారీగనో మార్చి చూపు సాఫ్టువేరు నేడు ఇంటింటికి వచ్చినది. ఈ మాసము దానినిగూర్చియే ముచ్చటింప దలచితిమి. కొందఱు తల్లులు దీనిని సరస్వతీకటాక్షమని కొనియాడుచున్నారు. మఱికొందఱు పిల్లల చేతులను చెఱచు పిశాచమని భయపడుచున్నారు. రెండును తొందరపాటు మాటలే యని మా యభిప్రాయము. వస్తువేమిటో, అది యెట్లు పనిచేయునో తెలిసికొన్న పిమ్మట గదా మంచిచెడ్డలు విచారింపవలసినది!

2015వ సంవత్సరమున జర్మనీదేశమందలి ట్యూబింగెన్ పట్టణములో గాటిస్, ఎకర్, బేట్గె అను ముగ్గురు శాస్త్రజ్ఞు లొక పత్రమును ప్రకటించిరి. వారు తమ యూరి నదీతీరమందలి యిండ్లవరుస ఫొటో నొకదానిని తీసికొని, దానిని హాలెండు చిత్రకారుడు వాన్ గో 1889లో చిత్రించిన ‘నక్షత్రరాత్రి’ వలెను, నార్వే చిత్రకారుడు ముంక్ 1893లో చిత్రించిన ‘కేక’ వలెను మార్చి చూపిరి. ఇండ్లు ఆ యిండ్లే, నది ఆ నదియే. కాని వాన్ గో పటము ననుసరించినపుడు ఆకాశము నీలిసుడులుగా తిరిగినది. ముంక్ పటము ననుసరించినపుడు ఎఱ్ఱని యలలుగా పొంగినది.

ఇది మాయ కాదు, లెక్క. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 2014లో న్యూరల్ నెట్‌వర్కు అను లెక్కల యల్లిక నొకదానిని సిద్ధపఱచియుండిరి. దానికి 19 పొరలు. పది లక్షలకు పైబడిన ఫొటోలను దానికి చూపి, ఇది పిల్లి, ఇది గిన్నె యని గుర్తుపట్టుట నేర్పిరి. అందు పైపొరలు గీత యెటు వంగినది, రంగు రంగుతో నెచ్చట కలిసినది యను చిన్న సంగతులను కనిపెట్టును. లోతుపొరలు కన్ను, కిటికీ, గోపురము వంటి పెద్ద సంగతులను గ్రహించును. బొమ్మలో ‘ఏమి’ యున్నదో తెలియుటకు ఆ మువ్వురును లోతుపొర లెక్కను గైకొనిరి. ‘ఎట్లు’ గీయబడినదో తెలియుటకు ఏ గీతతో ఏ రంగు తఱచుగా కలిసి వచ్చుచున్నదో, అది పటములో ఏ మూలనున్నదను సంగతి విడిచి, పొరపొరకును లెక్కించిరి. పిమ్మట ఇసుక చల్లినట్లున్న యర్థములేని చుక్కల పటముతో మొదలిడి, ఒక లెక్క ఫొటోతోను, రెండవ లెక్క చిత్రపటముతోను సరిపడువఱకు దానిని కొంచెము కొంచెముగా దిద్దిరి.

వంటింటి సామ్యము చెప్పిన సులభముగా బోధపడును. పొరుగింటివారి పులుసు రుచి మన పులుసునకు రావలెనని కోరిన యిల్లాలు ఏమి చేయును? ముక్కలు మార్చదు. రుచి చూచి ఉప్పు చేర్చును, మరల చూచి బెల్లము చేర్చును, మరల చూచి యింగువ వేయును. ముక్కలు మనవి, పోపు పొరుగువారిది. ఈ యంత్రము చేయునదియు నిదియే. రుచి చూచుట మాత్రము కొన్ని వందలసార్లు జరుగును.

తరువాతి కథ వేగముగా నడచినది. 2016లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ఒక్కొక్క శైలికి ఒక్కొక్క యల్లికను ముందే తయారుచేసి యుంచు పద్ధతి కనిపెట్టిరి. దానితో చాలసేపు పట్టు పని క్షణములలో ముగియసాగెను. ఆ యేడే రష్యానుండి వెడలిన ప్రిస్మా యను సాఫ్టువేరు లోకమంతట ఫోనులలోనికి వచ్చినది. 2022లో స్టేబుల్ డిఫ్యూజన్ వంటివి వచ్చిన పిమ్మట, మాదిరిపటమైన నక్కఱలేక, ‘నీటిరంగులలో చేయుము’ అని మాట చెప్పిన చాలును, బొమ్మ మాఱును. అయితే ఈ క్రొత్తవి వెనుకటివానివలె పోపు మార్చి యూరకుండవు. ముక్కలనుకూడ తమకు తోచినట్లు తఱుగును. పిల్ల గీసిన గీతను తుడిచి తామే మరల గీయును. తల్లులు జాగరూకత వహింపవలసినది ఇచ్చటనే.

మన పెద్దలు చిత్రకళకు ఆఱంగములు చెప్పియున్నారు. వాత్స్యాయనసూత్రములకు యశోధరుడు రచించిన జయమంగళ యను వ్యాఖ్యలో నవి పరిగణింపబడినవి. వానిలో వర్ణికాభంగము, అనగా రంగుల కూర్పు, కుంచె నడక, ఈ యంత్రమునకు చక్కగా వచ్చినది. రూపములను వేఱుపఱచుట, ప్రమాణము తప్పకుండుట, పోలిక నిలుపుట కూడ చాలవఱకు నేర్చినది. లావణ్యమును పైపూతగా చేర్చగలదు. మిగిలినది భావము. గీయువాని హృదయమునుండి చేతికి దిగివచ్చునది యది. లెక్కకు దొరకునవి గీతలు, రంగులు. అవి యెందుకట్లు పడినవో ఆ లెక్కలో లేదు.

ఇది శాస్త్రచర్చ మాత్రమే యనుకొనకుడు. మా వీధిలో ఎనిమిదేండ్ల బాలిక యొకతె చింతపండు పిక్కలు తీయుచున్న తన నాయనమ్మను గీసినది. ముసలమ్మకు కుడిచేయి ఎడమచేతికంటె రెండింతలున్నది. అన్నగారు దానిని సాఫ్టువేరున బెట్టి చలనచిత్రపు బొమ్మవలె మార్చినాడు. చేతులు రెండును సమానమైనవి, ముఖము ముద్దులొలికినది, వెనుక పూలచెట్టు మొలిచినది. ఇంటివారందఱు దానినే మెచ్చుకొని అమెరికాలోని బంధువులకు పంపిరి. పొరుగింటి పుల్లకూర రుచి గదా! పిల్ల మాత్రము రంగుపెన్సిళ్లు పెట్టెలో బెట్టి పదునైదు దినములు ముట్టలేదు. తల్లి వచ్చి మాతో మొఱపెట్టుకొనగా, ‘ఆ చేయి యంత పెద్దదిగా నేల గీసితివో దానినే యడిగి చూడుడమ్మా’ అంటిమి. పిల్ల యిచ్చిన జవాబిది: ‘నాయనమ్మ నాకు ముద్దలు పెట్టేది ఆ చేత్తోనే కదా.’ యంత్రము తప్పుగా నెంచి దిద్దినది ఆ బొమ్మకు ప్రాణమైన దానినే.

పెద్ద కళాకారుల విషయమునను ఇట్టి చిక్కే కలదు. శ్రీకాళహస్తి కలంకారీలోని నల్లగీతను చూడుడు. బట్టను కరక్కాయరసములోను పాలలోను నానవేసి యారబెట్టుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములకొలది ఊరనిచ్చి సిరా చేయుదురు. వెదురుపుల్లకు గుడ్డచుట్టి కట్టిన కలముతో గీసినపుడు, ఇనుము కరక్కాయను తాకి నలుపెక్కును. ఎఱుపు నిలుచుటకు పటిక వలయును. పలుమాఱులు ఉతుకుటకు నీరు వలయును. ఫోను చూపు ‘కలంకారీ’లో కరక్కాయయు లేదు, నీరును లేదు. దానిని వేడుకగా చూచుట తప్పు కాదు. కలంకారీయని పేరుపెట్టి యమ్ముట తప్పు.

2025 మార్చి మాసాంతమున చాట్‌జీపీటీలో క్రొత్త బొమ్మల యేర్పాటు రాగానే, లోకులు తమ కుటుంబ ఫొటోలను జపానులోని గిబ్లీ సంస్థవారి చిత్రములవలె మార్చి మురిసిరి. ఆ సంస్థను 1985లో స్థాపించినవారిలో నొకరైన హయావో మియాజాకీగారు చేతిగీతనే నమ్మినవారు. వారి ‘ది విండ్ రైజెస్’ అను 2013 నాటి చిత్రములో నాలుగు సెకండ్ల జనసమ్మర్ద దృశ్యమునకు ఒక చిత్రకారునికి 15 మాసములు పట్టెను. శిష్యుడు గురువు గీతను దిద్దుట అనాదిగా నున్నదే. కాని వానికి ఏండ్లు పట్టును, ఆ యేండ్లలో వాని గీత వానికి వచ్చును. యంత్రమునకు నిమిషము చాలును, వాడువానికి ఏమియు రాదు. తమ చిత్రములను అనుమతిలేక యంత్రశిక్షణకు వాడుకొనిరని 2023 జనవరిలో అమెరికాలో ముగ్గురు చిత్రకారులు న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. పదుగురి కష్టముమీద నిలిచిన వేడుక యిది యని మనము మఱవరాదు.

అట్లని ఫోనును దాచిపెట్టవలెనని మేము చెప్పము. పనికివచ్చు మార్గము కలదు. మొదట, పిల్ల స్వహస్తముతో గీసిన కాగితమును తేదీ వేసి భద్రపఱపుడు. మెప్పు మొదట దానికి, తరువాతనే యంత్రపు బొమ్మకు. మార్చి చూచినపుడు రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి, ‘ఏమి మాఱినది? ఏమి నిలిచినది? నీకేది యిష్టము?’ అని ప్రశ్నింపుడు. వాన్ గో సుడులు పిల్లకు నచ్చినచో, పెన్సిలుతో ఆకాశమంతట పొట్టి గీతలు పెట్టి చూడుమనుడు. అపుడు యంత్రము ఉపాధ్యాయుని బల్లమీది మాదిరిపటమగును, విద్య చేతికే వచ్చును. బడిపోటీలకు యంత్రపు బొమ్మను పంపునెడల ఆ సంగతి స్పష్టముగా వ్రాయింపుడు. లేనిచో చిత్రకళ నేర్పబోయి అబద్ధము నేర్పినవారమగుదుము.

మఱియొక హెచ్చరిక. ఇట్టి సాఫ్టువేరులలో పెక్కు మనము పెట్టిన బొమ్మను ఎచ్చటనో యున్న కంపెనీ కంప్యూటరులకు పంపును. కావున బిడ్డల ముఖము, పేరు, బడి పేరు కనబడు ఫొటోలను వానిలో వేయకుడు. బొమ్మమీద పేరున్న మడిచి ఫొటో తీయుడు. నిబంధనల పత్రమును ఇంట చదువరియైనవారిచే నొకమాఱు చదివించుడు.

ఇల్లు అలికి ముగ్గుపెట్టు మనము గీత విలువ నెఱుగనివారము కాము. ఏ యింటి ముగ్గు ఏ యింటి యాడపడుచుదో వాకిట నిలిచి చెప్పగలము. రేపటి దినమున మన పిల్లల గీతలనుకూడ ఆ రీతిగా గుర్తుపట్టగలుగుదుముగాక. అందుకై, యంత్రము ఎన్ని వేషములు వేసినను, ప్రతి సంక్రాంతికి పిల్ల చేతిగీత యొకటి మీ యింటి గోడమీద నిలుపుడని మా విన్నపము.