వకాల్తా పుచ్చుకోం అనే తీర్మానాలు వద్దు

సంపాదకులకు,

చిన్నపిల్లను పాడుచేసి చంపాడన్న ఆరోపణతో అరెస్టయిన వ్యక్తి తరఫున ఎవరూ వకాల్తా పుచ్చుకోకూడదని ఒక బార్ అసోసియేషన్ చేసిన తీర్మానాన్ని మీ పత్రిక ప్రముఖంగా ప్రచురించింది. దాన్ని మెచ్చుకుంటూ పాఠకుల ఉత్తరాలూ వేశారు. ఆ తల్లిదండ్రుల కడుపుకోత ముందు ఏ మాటా చాలదు. అయినా ఆ తీర్మానం చట్టవిరుద్ధమని, చివరికి నష్టం చేసేది ఆ పాప కేసుకేనని నేను చెప్పదలచుకున్నాను. మేజిస్ట్రేటు కోర్టులో బెంచ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. ఈ విషయంలో నాకు తెలిసింది చెప్పకుండా ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

ముందు చట్టం సంగతి. అరెస్టయిన ప్రతి మనిషికీ తనకు నచ్చిన న్యాయవాదిని పెట్టుకునే హక్కును రాజ్యాంగం 22(1) అధికరణం ఇచ్చింది. పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఏర్పాటు చేయాలని పాత సీఆర్‌పీసీ చెప్పింది, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితా చెబుతోంది. బార్ తీర్మానాల మీద సుప్రీంకోర్టు 2010 డిసెంబరులోనే తేల్చి చెప్పింది. అది కోయంబత్తూరు నుంచి వచ్చిన కేసు. వకీళ్లకూ పోలీసులకూ గొడవ జరిగింది, ఆ పోలీసుల తరఫున ఎవరూ వాదించకూడదని అక్కడి బార్ తీర్మానించింది. అలాంటి తీర్మానాలు రాజ్యాంగానికీ, వృత్తి నియమాలకూ విరుద్ధమని, వాటికి ఏ విలువా లేదని కోర్టు ప్రకటించింది. అక్కడ వకీలు కావాల్సి వచ్చింది లాఠీ పట్టిన పోలీసులకే అన్న సంగతి నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. హక్కుల న్యాయవాదులంటే నేరగాళ్ల వకీళ్లని తీసిపారేసేవాళ్లు ఆ కేసును గుర్తుంచుకోవాలి. ఏ వకీలైనా తన కారణాలు తనకుండి ఒక కేసు వద్దనుకోవచ్చు. పక్కవాడు కూడా పుచ్చుకోకూడదని శాసించే అధికారం మాత్రం ఏ అసోసియేషన్‌కూ లేదు.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మనమెవరమూ మరిచిపోలేదు. పట్టుబడ్డ నలుగురు నిందితుల తరఫున వాదించబోమని అప్పుడు కూడా స్థానిక న్యాయవాదులు ప్రకటించారు. జనం పోలీస్ స్టేషన్ చుట్టూ మూగడంతో తహసీల్దారే అక్కడికి వచ్చి రిమాండ్ చేయాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి, డిసెంబరు 6 తెల్లవారుజామున, చటాన్‌పల్లి దగ్గర నలుగురూ పోలీసు తూటాలకు చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ కాల్పులపై సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారన్నది అందులో ఒక నిర్ధారణ. ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లన్నది మరొకటి. మొదటి రోజునే ఒక్క వకీలు పక్కన ఉంటే ముందుగా అడిగేది స్కూలు రిజిస్టరే. వయసు తేలాకే, ఎవరిని ఏ కోర్టు ముందు పెట్టాలో తెలుస్తుంది. ఆ ప్రశ్న అడిగే మనిషే లేకపోయాడు. నేరం రుజువయ్యే అవకాశమూ వాళ్లతోపాటే పోయింది. ఆ అమ్మాయికి ఏం జరిగిందో సాక్ష్యాలతో, తీర్పుతో రికార్డుకెక్కే రోజు ఇక రాదు.

రిమాండ్ చేశారన్నది పత్రికలో ఒక్క ముక్క వార్త. దగ్గరుండి చూస్తే అది ఎలా ఉంటుందో చెబుతాను. సెలవు రోజు, పొద్దుగూకాక, అరెస్టయిన మనిషిని మేజిస్ట్రేటు గారి ఇంటి వరండాలో నిలబెడతారు. రిమాండ్ రిపోర్టు, ఆసుపత్రి కాగితం బల్ల మీద పెడతారు. పోలీసులు కొట్టారా అని మేజిస్ట్రేటు గారు అడుగుతారు. జవాబు చెప్పే ముందు ఆ మనిషి చూపు వెంట వచ్చిన కానిస్టేబుల్ వైపు తిరుగుతుంది. లేదండీ అంటాడు. న్యాయవాది ఉన్నాడా అంటే ఆ ప్రశ్నే అర్థం కానట్టు నిలబడతాడు. సంతకమో వేలిముద్రో పడుతుంది, జీపు సబ్‌జైలుకు బయలుదేరుతుంది. వకీలు వచ్చిన రోజు సంగతి వేరు. చొక్కా పైకెత్తమంటాడు. ఒంటి మీద దెబ్బలు చూపించి మళ్లీ వైద్య పరీక్ష కావాలంటాడు. అరెస్టు ఫలానా రోజని రిపోర్టులో రాశారు, అంతకు రెండు రోజుల ముందే ఇంట్లోంచి పట్టుకెళ్లారని మెమో వేస్తాడు. ఆ మెమో ఒకటి రెండు పేజీలకు మించదు. కానీ ఫైల్లో చేరిందంటే ఏళ్ల తర్వాత సెషన్స్ కోర్టులో అదే మాట్లాడుతుంది. అది లేని ఫైళ్లు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. వాటిలో ఏది నిజమో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య తీసుకోండి. మరుసటి ఏడాది నందిగామ ప్రాంతానికి చెందిన ఒక దళిత యువకుణ్ణి పట్టుకుని ఇతనే హంతకుడన్నారు. ఇతను కాదని చనిపోయిన అమ్మాయి తల్లే మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. 2010లో కింది కోర్టు అతనికి యావజ్జీవం వేసింది. 2017 మార్చిలో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసి, పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి. అప్పీలు నడిపిన వకీళ్లు లేకుంటే ఆ నేరం అతని మీదే ఉండిపోయేది, అసలు హంతకుడు ఎవరన్న ప్రశ్న కూడా అక్కడే సమాధి అయ్యేది.

మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో 2013లో జరిగింది ఇంకా దారుణం. తొమ్మిదేళ్ల పాప హత్య కేసులో రెండు వారాలు తిరక్కుండా విచారణ ముగించి నిందితుడికి ఉరిశిక్ష వేశారు. న్యాయ సహాయం కింద వకీలును నియమించిన రోజే అభియోగాలు కూడా నమోదు చేశారు. ఫైలు చదువుకునే వ్యవధి కూడా అతనికి దొరకలేదు. ఇది విచారణ కాదని సుప్రీంకోర్టు 2019లో ఆ తీర్పు కొట్టేసింది. మళ్లీ విచారణలు నడిచి చివరికి 2024లో ఆ మనిషి నిర్దోషిగా బయటపడ్డాడు. పదకొండేళ్లు. ఆ పాప తల్లిదండ్రులకు దక్కిందేమిటి? వకీలును దూరంగా నెట్టి తెచ్చుకున్న తీర్పు పైకోర్టులో నిలవదు. పాప పేరుతో చేసిన తీర్మానం పాపకే అన్యాయం చేస్తుందని నేను అంటున్నది అందుకే.

జనానికి నచ్చని నిందితుల తరఫున వాదించినవాళ్లు మన నేల మీద లేకపోలేదు. కె.జి. కన్నబిరాన్ పార్వతీపురం, సికింద్రాబాద్ కుట్ర కేసుల్లో నిందితుల పక్షాన నిలబడ్డారు. ఎమర్జెన్సీ నాటి ఎన్‌కౌంటర్లపై భార్గవ కమిషన్ ముందు వాదించారు. బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కల పాఠాలు చెప్పి, నలభై దాటాక నల్లకోటు వేసుకున్నారు. రాజ్యహింసను ప్రశ్నించిన నోటితోనే నక్సలైట్ల హింసనూ ప్రశ్నించారు. కారంచేడులో దళితుల ఊచకోత తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవి వదులుకున్న బొజ్జా తారకం, పోలీసులు అరెస్టు చేస్తే ఏం చేయాలో మామూలు జనానికి అర్థమయ్యేలా పుస్తకమే రాశారు. వీళ్లు బాధితులను గాలికొదిలేశారని అనేవాళ్లు చుండూరు వైపు చూడాలి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపిన ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించడానికి, 2007లో శిక్షలు పడేదాకా కేసు నడపడానికి ఈ కోవ వకీళ్లే నిలబడ్డారు. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేయడం నా మనసుకు ఇప్పటికీ మింగుడు పడదు. అయినా ఆ నిందితులకు వకీళ్లు ఉండకూడదని నేను ఎన్నడూ అనను.

వకీళ్ల ఐక్యత గురించి కూడా ఒక మాట. 2021 ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లాలో న్యాయవాద దంపతులు గట్టు వామన్‌రావు, నాగమణిలను పట్టపగలు నడిరోడ్డు మీద నరికి చంపారు. పోలీస్ స్టేషన్లో జరిగిన ఒక మరణాన్ని హైకోర్టు దృష్టికి తెచ్చినవాళ్లు వాళ్లు. ఆ హత్యకు నిరసనగా తెలంగాణ అంతటా వకీళ్లు విధులు బహిష్కరించారు, ఆ దర్యాప్తును 2025లో సుప్రీంకోర్టు సీబీఐకి ఇచ్చింది. తోటి వకీలు ప్రాణం పోయాక రోడ్డెక్కిన ఆ ఐక్యత, బతికి ఉన్నప్పుడు అతను జనానికి నచ్చని కేసు పట్టుకున్న రోజున కూడా కావాలి. గదిలో కుర్చీ లాగేయడం, గుమాస్తాలను పంపకుండా ఆపడం, ఇంటి మీద రాళ్లు పడుతుంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం బార్ చేయాల్సిన పనులు కావు.

అందుకే రెండు కోరికలు. రెండు తెలుగు రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పును తెలుగులో అచ్చు వేయించి ప్రతి బార్ అసోసియేషన్ నోటీసు బోర్డు మీద పెట్టించాలి, ఇలాంటి తీర్మానం చేసిన చోట దాన్ని వెనక్కి తీసుకోమని రాతపూర్వకంగా అడగాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు రిమాండ్ వకీళ్లను కోర్టు వేళలకే పరిమితం చేయకుండా, రాత్రిళ్లూ సెలవు రోజులూ మేజిస్ట్రేటు ఇంటి దగ్గర అందుబాటులో ఉండేలా వంతులు వేయాలి. 2022 నుంచి ఉచితంగా డిఫెన్స్ వాదించడానికి జిల్లాల్లో పూర్తికాలపు న్యాయవాదుల్ని పెడుతున్నారు కాబట్టి మనుషులు లేరన్న సాకు ఇప్పుడు చెల్లదు.

మీ పత్రికకు ఒక మనవి. ఇకపై అరెస్టు వార్త వేసినప్పుడల్లా చివర ఒక వాక్యం చేర్చండి. ఉచిత న్యాయ సహాయం కావాల్సిన ఎవరైనా, నిందితుల కుటుంబమైనా బాధితుల కుటుంబమైనా, 15100కు ఫోన్ చేయవచ్చని.

ఇట్లు,
ఒక విశ్రాంత బెంచ్ క్లర్కు