సింహాసనానికి దేవుడు జామీను కాడు

ఏలేవాడు అబద్ధమాడినా వాణ్ణి కూర్చోబెట్టింది దేవుడే కాబట్టి నోరెత్తకూడదని బోధించే ప్రసంగీకులారా, మీ చేతిలోని బైబిలును యిర్మీయా 34వ అధ్యాయం దగ్గర తెరవండి.

క్రీ.పూ. 588 ప్రాంతం. బబులోను సేన యెరూషలేమును ముట్టడించింది. యూదాలో కోటలున్న పట్టణాల్లో ఇంకా లొంగనివి లాకీషు, అజేకా మాత్రమే. ప్రాణం మీదికి వచ్చేసరికి సిద్కియా రాజుకు ధర్మశాస్త్రం గుర్తొచ్చింది. హెబ్రీ దాసులను ఏడో ఏట విడిచిపెట్టాలన్నది అందులోని ఆజ్ఞ. తరతరాలుగా ఎవరూ లెక్కచేయనిది. ఇప్పుడు అధిపతులు, యాజకులు, ప్రజలు దూడను రెండుగా కోసి, ఆ ఖండాల నడుమ నడిచి దేవుని ఎదుట ఒట్టు పెట్టుకున్నారు. మాట తప్పితే మాకూ ఈ దూడ గతే పట్టాలని ఆ తంతుకు అర్థం. దాసులు, దాసీలు విడుదలయ్యారు.

అంతలో ఐగుప్తు నుంచి ఫరో సేన కదిలిందని కబురొచ్చింది. బబులోనువాళ్లు ముట్టడి ఎత్తేశారు. గండం గడిచిందనుకున్న పెద్దమనుషులు విడిచిపెట్టినవాళ్లను మళ్లీ పట్టుకొచ్చి చాకిరిలో పెట్టారు!

వంచన అంటే ఇదీ. భయంలో పేదవాడికి మాటిచ్చి, భయం తీరగానే ఆ మాట మింగేయడం. దేవుడు దీనికి ప్రవక్త యిర్మీయా నోట ఏమన్నాడు? మీరు చాటని విడుదలను నేను చాటుతాను, మిమ్మల్ని కత్తికీ తెగులుకూ కరువుకూ వదిలేస్తానన్నాడు. వెళ్లిపోయిన శత్రుసేనను తానే వెనక్కి పిలుస్తానన్నాడు. దావీదు వంశం, పరిశుద్ధ పట్టణం, మందిరం, వీటిలో ఏదీ ఆ తీర్పుకు అడ్డుపడలేదు. దేవుని సార్వభౌమత్వం అంటే నాకు తెలిసింది ఇదే. ఈ తీర్పు చాటినందుకు యిర్మీయా సైనికుల గుండెలు జారుస్తున్నాడని నింద మోశాడు, బురద గోతిలో పడ్డాడు. ఏలినవారి చెవికి ఇంపైన ప్రవచనాలు చెప్పినవాళ్లకు మాత్రం కొదవ లేదు.

రాజులను నిలబెట్టేది దేవుడేనని దానియేలు చెప్పాడంటారు. కూలదోసేది కూడా ఆయనేనని ఆ వాక్యంలోనే ఉంది, పైగా ఆ మాటే ముందుంది. సగం వాక్యం ఎవరి కోసం మింగుతున్నారు? దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలనకు రోమా పత్రిక 13వ అధ్యాయాన్ని ఇలాగే కవచం చేశారు. అక్కడి క్రైస్తవులే 1985లో కైరోస్ పత్రం రాసి ఆ బోధను తిరస్కరించారు. వాళ్లకున్న తెగువ మీకెందుకు లేదు?

దేవుడు అన్నట్టే బబులోను సేన తిరిగొచ్చింది. సిద్కియా పారిపోతూ యెరికో మైదానంలో దొరికిపోయాడు. రిబ్లాలో అతని కళ్లెదుటే కొడుకులను చంపి, తర్వాత ఆ కళ్లు పెరికేశారు. యెరూషలేము తగలబడింది. ఏమీ లేక యూదాలో మిగిలిపోయిన నిరుపేదలకు ద్రాక్షతోటలూ పొలాలూ ఇచ్చింది దావీదు సింహాసనం కాదు, బబులోను సేనాధిపతి నెబూజరదాను. నాయకుడు వచ్చి ముందు వరసలో కూర్చున్న ఆదివారమే ఈ అధ్యాయాలు చదవండి. గొంతు తగ్గించకుండా చదవండి.