మరమ్మతుశాల నుండి పైలట్ పీఠానికి

నాలుగేళ్ల క్రితం ఒక ఆదివారం ఉదయం సహోద్యోగి ఒకరు తమ కుమారుని వెంటబెట్టుకొని నోయిడాలోని మా ఇంటికి వచ్చారు. వారు తెనాలి ప్రాంతీయులు, మన సంస్థలో ఫోర్‌మన్. పదవీ విరమణకు అప్పటికి మూడేళ్ల వ్యవధి ఉన్నది.

"అన్నగారూ, విమానాలు బాగుచేసే విద్య చెప్పించాను. ఉద్యోగం కూడా వచ్చింది. ఇప్పుడు వాటిని నడుపుతానంటున్నాడు. నా ప్రావిడెంటు ఫండు మొత్తం అడుగుతున్నాడు. మీరైనా చెప్పండి" అన్నారు.

ఆ యువకుడు ఢిల్లీలో విమాన నిర్వహణ శిక్షణ పూర్తిచేసి, హ్యాంగరులో పనిచేసి, ప్రభుత్వ లైసెన్సు పొందినవాడు. ఇంత నేర్చినవానికి పైలట్ శిక్షణలో కొంత తగ్గింపు ఉంటుంది కదా అన్నది తండ్రిగారి ఆశ. ఆ ఆశకు నిబంధనలలో తావు లేదు. వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరవలసిందే. అందులో 100 గంటలు విమానానికి తానే బాధ్యుడై నడపాలి. రెంచి పట్టిన సంవత్సరాలు ఎన్ని ఉన్నా వీటిలో ఒక్క గంట కూడా తగ్గదు. వ్యయమా, నలభై లక్షలకు పైమాటే.

నేను ఉద్యోగరీత్యా ఢిల్లీ వచ్చిన 1990లలో సఫ్దర్‌జంగ్ మీదుగా బస్సులో పోతుంటే 1928లో స్థాపితమైన ఫ్లయింగ్ క్లబ్బువారి చిన్న విమానాలు కనబడేవి. భద్రతా కారణాలవల్ల అక్కడ శిక్షణ ఏనాడో ఆగిపోయింది. రాజధాని విద్యార్థి నేడు అమేఠీ జిల్లాలోని ఫుర్సత్‌గంజ్ వంటి దూరప్రాంతాలకు పోవలసినదే.

నేను వద్దనలేదు, సరే అనలేదు. "ముందు ప్రథమశ్రేణి వైద్యపరీక్షలో నెగ్గు. ఉద్యోగం చేస్తూనే నావిగేషన్, వాతావరణశాస్త్రం, విమానయాన నిబంధనల పరీక్షలు వ్రాయి. డెబ్బది శాతం వస్తేనే ఉత్తీర్ణత. ఆ తరువాతనే నాన్నగారి సొమ్ము మాట" అన్నాను. అతడు ఏడాదిన్నరలో అవన్నీ ముగించి వచ్చాడు. తన జీతంలో మిగిల్చినది కొంత, తన పేర బ్యాంకు ఋణం కొంత. తండ్రి ఫండులో సగం మాత్రమే తీశారు.

ఈ రెండు విద్యలూ ఒకచోట చేరడం కొత్త కాదు. ఆంగ్లవనిత ఏమీ జాన్సన్ 1929లో పైలట్ లైసెన్సుతోపాటు గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు కూడా పొందినది. 1930 మే 5న ఒంటరిగా లండన్ సమీపంలోని క్రాయ్‌డన్‌లో బయలుదేరి, కరాచీ, ఝాన్సీ, కలకత్తాల మీదుగా మే 24న ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరినది. దారిలో రంగూన్ సమీపంలో విమానం గుంటలో పడి దెబ్బతిన్నది. స్థానిక సాంకేతిక విద్యాలయంవారి సహాయంతో దానిని బాగుచేయించుకొని ప్రయాణం సాగించినది.

మన యువకునికి తొలినాళ్లలో ఈ పూర్వవిద్యయే అడ్డయినదట. ఇంజిన్ ధ్వనిపై చెవి పెట్టి క్షితిజరేఖపై చూపు మరచేవాడు. హ్యాంగరులో సందేహం వస్తే పని ఆపి మాన్యువల్ తెరవవచ్చు. ఆకాశంలో ఆ వెసులుబాటు లేదు. ఈ తేడా ఒంటబట్టడానికి చాలా గంటలు పట్టినవి.

కాని ఆ విద్య అక్కరకు వచ్చిన రోజు కూడా ఉన్నది. ఒంటరి దూరప్రయాణానికి బయలుదేరే ముందు మాగ్నెటో పరీక్షలో ఇంజిన్ వేగం పరిమితికి మించి పడిపోయింది. ఒకసారి ఇంజిన్ వేగం పెంచి మళ్లీ చూశాడు. ఫలితం మారలేదు. వెనుక మరి ఇద్దరు విద్యార్థులు అదే విమానం కోసం వేచియున్నారు. ఆనాడు ఎగరకపోతే మరల వంతు రావడానికి వారాలు పట్టవచ్చు, వసతిగృహపు ఖర్చు తండ్రిపై పడుతుంది. అయినను విమానాన్ని వెనుకకు త్రిప్పాడు. ఒక స్పార్కు ప్లగ్గు చెడినదని తేలింది.

"నేనే మెకానిక్కునైతే ఈ విమానానికి సంతకం పెట్టేవాణ్ణి కాదు. పెట్టని సంతకంతో ఎలా ఎగరను బాబాయిగారూ?" అన్నాడు.

నేడతనికి పైలట్ లైసెన్సు ఉన్నది, విమాన సంస్థలో ఉద్యోగం ఇంకా రాలేదు. మళ్లీ హ్యాంగరులోనే పనిచేస్తూ బ్యాంకు వాయిదాలు కడుతున్నాడు. తండ్రిగారు గత ఏడాది పదవీ విరమణ చేశారు. మిగిలిన సగం ఫండే ఇప్పుడు వారి ఆధారం.

బిడ్డల కోరికను కాదనడమూ, ఉన్నదంతా ఊడ్చి ఇవ్వడమూ కాక, మెట్టుమెట్టుకు పరీక్షించి సాగనిచ్చే మార్గం ఒకటున్నది. యంత్రాలతో మనం నిత్యం చేసే పనియే అది. ఇంటివద్దనే మరచిపోతుంటాము.